నాలుగెకరాల కౌలు

ఆ కంది కంప కాస్త అటు జరపరా, పొగంతా నా మొహానికే కొడుతోంది. తడి కట్టె వెయ్యకు, అది మండదు, మనల్ని దగ్గించి చంపుతుంది. ఆఁ, అట్లా. ఇక కూర్చోండి.

ఏమే, ఆ ఫోనులో చదివే కథేంటో ఇందాక చెప్పావుగా. అమెరికాలో పడమటి బీడుల్లో ఎవడో ఒంటరి రైతు, తల్లిలేని పిల్లలు. వాడు ఉత్తరం రాసి ముక్కూమొహం తెలియని ఆడమనిషిని పెళ్ళికి పిలిపించుకోవటం, ఆవిడ రైలెక్కి వెళ్ళటం, పెళ్ళయ్యాక తీరుబడిగా ప్రేమించుకోవటం. "ఇట్లాంటివి పుస్తకాల్లోనే అమ్మమ్మా" అన్నావు. తుంగభద్ర కాలవ కింద మనవాళ్ళు వేసుకున్న ఈ క్యాంపుకి మొదట వచ్చిన ఆడవాళ్ళలో నలుగురైదుగురం అట్లా వచ్చినవాళ్ళమే. అందులో నేనొకదాన్ని.

నోరు మూసుకో, ఈగ దూరుతుంది.

మీ అమ్మకు తెలుసు ఈ సంగతి. పెద్ద మావయ్య ఇంటిపేరు వేరేగా ఎందుకుందని చిన్నప్పుడు నువ్వడిగితే పెద్దయ్యాక చెబుతాలే అన్నా. ఇరవయ్యేడేళ్ళొచ్చాయి నీకు, ఇంకెప్పుడు పెద్దవుతావు.

మాది తెనాలి దగ్గర పల్లె. కృష్ణ కాలవ కింద మాగాణి. నాకు పదిహేడేళ్ళకే పెళ్ళయింది. ఆయన మంచివాడే, నేను ఆయన్ని తలుచుకోకుండా ఇప్పటికీ ఏ పండగా జరగదు. పచ్చకామెర్లొచ్చి పదిహేను రోజుల్లో పోయాడు. అప్పటికి మీ పెద్ద మావయ్యకు ఏడాది నిండింది. వాణ్ణి చంకనేసుకుని అన్నయ్య ఇంటికొచ్చా. మా వదిన చెడ్డదని చెప్పను. ఆమెకూ నలుగురు పిల్లలు, ఆ ఇంట్లో ఉన్నది రెండెకరాలు. ఆమె ఎప్పుడూ ఒక్క మాట అనలేదు. అన్నం పెట్టేటప్పుడు మాత్రం నా కంచం చివర్న పెట్టేది. నేనూ చివర్నే తినేదాన్ని. అట్లా రెండేళ్ళు.

మా వాళ్ళలో మారుమనువు ఆచారం లేదు. వీరేశలింగం పంతులుగారు 1881లో రాజమండ్రిలో మొదటి వితంతు వివాహం చేయించారని బళ్ళో పాఠం చెప్పేవాళ్ళు. పాఠం పాఠమే, మా వీధి మా వీధే. డెబ్బయ్యేళ్ళు దాటినా ఆ పెళ్ళి రాజమండ్రి నుంచి మా వీధి దాకా రాలేదు.

మీ తాతయ్య మా పక్క ఊరివాడు. తండ్రి ఇచ్చింది ఎకరన్నర. భార్య కాన్పులో పోయింది, ఇద్దరు ఆడపిల్లలు. ఆ ఎకరన్నరా అమ్మేసి ఇక్కడికొచ్చి భూమి కొన్నాడు. అప్పట్లో కొందరు ఆయనకి పిచ్చి పట్టిందన్నారు, ఇంకొందరు గుట్టుగా ఆయన్నడిగి వాళ్ళూ బయల్దేరారు. మన జిల్లాలవాళ్ళకి ఇది కొత్తా కాదు. అంతకు ముందే నిజాంసాగర్ కిందకి, బోధన్ వైపుకి వెళ్ళినవాళ్ళున్నారు. కాలవ తవ్వుతున్నారంటే చాలు, మనవాళ్ళ చెవులు నిక్కబొడుచుకుంటాయి.

ఈ తుంగభద్ర కథ మీకు తెలియదేమో. 1945లో ఏటికి ఒక ఒడ్డున నిజాం సర్కారువాళ్ళు, రెండో ఒడ్డున మద్రాసు సర్కారువాళ్ళు శంకుస్థాపన చేశారు. అది కట్టేలోపే నిజాం రాజ్యం పోయింది, ఇంగ్లీషువాడు పోయాడు, మద్రాసు నుంచి మనం విడిపోయాం. 1953లో నీళ్ళు వదిలారు. 1956 నవంబరు దాకా ఈ నేల హైదరాబాదు రాష్ట్రంలో ఉండేది, రాయచూరు జిల్లా. తర్వాత మైసూరు రాష్ట్రమైంది. మీ తాతయ్య హైదరాబాదు రాష్ట్రంలో భూమి కొని మైసూరు రాష్ట్రంలో నాటు వేశాడు, ఉన్నచోటు నుంచి కదలకుండానే. పాత కాగితాలన్నీ ఉర్దూలో ఉండేవి. పక్కూరి సాయెబు ఒకాయన చదివి చెబితే నమ్మాలి, అంతే.

ఇక్కడిదంతా నల్లరేగడి. వానొస్తే జొన్న, పత్తి. రాకపోతే ఏమీ లేదు. కాలవ వస్తుందని ఊళ్ళోవాళ్ళకు చెప్పారు గానీ వచ్చాక దాన్ని మళ్ళకు ఎట్లా మళ్ళించాలో, నేల చదును చేయటానికి డబ్బెక్కడిదో ఎవరూ చెప్పలేదు. మనవాళ్ళు అక్కడ ఎకరం అమ్మి ఆ డబ్బుతో ఇక్కడ ఐదూ పదీ ఎకరాలు కొన్నారు. అమ్మినవాళ్ళు తెలివితక్కువవాళ్ళు కాదు. వాళ్ళకు పెళ్ళిళ్ళున్నాయి, అప్పులున్నాయి, కళ్ళెదుట ఎన్నడూ చూడని నీళ్ళ మీద నమ్మకం లేదు. వాళ్ళ పిల్లలు కొందరు తర్వాత ఆ పొలంలోనే కూలికొచ్చారు. అది నాకు ఇప్పటికీ గొంతులో ముల్లే.

సరే, పెళ్ళి సంగతి. మీ తాతయ్య దగ్గర ఆరుగురు పాలేర్లు. తుమ్మచెట్లు కొట్టి, మొదళ్ళు పెకలించి, ఎడ్లతో మట్టి లాగి నేల చదును చేయిస్తున్నాడు. వాళ్ళకు మూడు పూటలా వండాలి. ఆయన తల్లి వచ్చింది, చలిజ్వరం పట్టుకుని రెండు నెలల్లో తిరిగెళ్ళిపోయింది. ఆడపిల్లలిద్దరూ ఊళ్ళో బాబాయి ఇంట్లో. పెద్దదానికి ఎనిమిది, చిన్నదానికి ఐదు.

మా ఊరి బడిపంతులు మధ్యవర్తి. ఆయన త్రిపురనేని రామస్వామి చౌదరిగారి పుస్తకాలు చదివి, పురోహితుల్లేని పెళ్ళిళ్ళు చేయించేవాడు. ఆయనే మా అన్నయ్యతో మాట్లాడి, మీ తాతయ్యను వెంటబెట్టుకొచ్చాడు.

వచ్చి అరుగు మీద కూర్చున్నాడు. ముప్పైనాలుగేళ్ళు. మనిషి ఎండకి మాడి ఉన్నాడు, ముంజేతుల నిండా తుమ్మముళ్ళ గీతలు. నేను తలుపు వెనక నిలబడ్డా. "ఏమైనా అడగాలనుకుంటే అడగమ్మా" అన్నాడు పంతులు. మర్యాదకన్నాడు పాపం. నేను నిజంగానే గడప దాటి వచ్చి అడిగా. మా అన్నయ్య మొహం చూడాలి అప్పుడు!

"మీకు కావాల్సింది భార్యా, వంటమనిషా?" అన్నా.

ఆయన కోప్పడలేదు, నవ్వలేదు. కాసేపు ఆలోచించాడు. "ఇప్పటికైతే వంటమనిషే. జీతమిస్తామన్నా ఆ అడివికి ఎవరూ రావటం లేదు. వచ్చినా నాలుగు మాటలు పుడతాయి. పెళ్ళయితే నీకూ మాట రాదు, నాకూ రాదు" అన్నాడు.

మీ పుస్తకంలో అమ్మాయి అయితే ఇక్కడ కళ్ళనీళ్ళు పెట్టుకునేది కదూ. నాకు మాత్రం ఊపిరాడింది. రెండేళ్ళుగా అందరూ నా మీద జాలిపడి మాట్లాడుతున్నారు. ఈయన ఒక్కడే నాతో బేరం మాట్లాడాడు. బేరమంటే ఎదుటివాళ్ళ దగ్గర కూడా ఏదో ఉందని ఒప్పుకున్నట్టేగా.

ఇక నేనూ మొదలుపెట్టా. పిల్లవాడు నాతో వస్తాడు. వాడి తండ్రి ఇంటిపేరు వాడికే ఉంటుంది, తండ్రి తాలూకు పొలం వాడిదే, దాని జోలికి మీరు రాకూడదు. బడికి పంపాలి. నా పేరున నాలుగెకరాలు రాయాలి. ఇది ఎందుకడిగానంటే, మళ్ళీ పెళ్ళి చేసుకుంటే మొదటి ఆయన ఆస్తిలో నీకు గవ్వ కూడా రాదని మా అత్తవారివైపు వాళ్ళు అప్పటికే తేల్చి చెప్పారు. రేపు ఇక్కడా ఏదన్నా అయితే నేను మళ్ళీ ఎవరింట్లో చివరి కంచం దగ్గర కూర్చోవాలి? ఆడదాని పేరున ఉన్న ఆస్తి ఇప్పుడు పూర్తిగా ఆడదానిదేనని, 1956లో అట్లా వారసత్వ చట్టం వచ్చిందని పంతులే ఒకసారి అరుగు మీద ఎవరికో చెబుతుంటే విన్నా. విన్నది ఊరికే పోనిస్తానా.

ఇంకోటి కూడా అడిగా. మంచం వేరుగా ఉండాలి, నేను చెప్పేదాకా. అది మాత్రం పంతులు చెవిలో చెప్పా, ఆయన మీ తాతయ్య చెవిలో చెప్పాడు. మా అన్నయ్యకి వినపడలేదులే.

ఆయనకీ షరతు ఉంది. ఒకటే. "జ్వరమొచ్చినా, పామొచ్చినా, ఏడాది తిరిగేదాకా పుట్టింటికి పోతాననకూడదు." నాలుగెకరాలు అనేసరికి మాత్రం బాగా తటపటాయించాడు. రెండంటే వినలేదు నేను. మూడన్నాడు. నాలుగన్నా. చివరికి, మొదటి పంట చేతికొచ్చాక రాస్తానన్నాడు. పంతులు ఇదంతా తెల్లకాగితం మీద రాసి ఇద్దరిచేతా సంతకాలు పెట్టించాడు. అది కోర్టులో చెల్లేదో లేదో నాకు తెలియదు, నేను మాత్రం దాన్ని రెండు చీరల మధ్య పెట్టి దాచుకున్నా.

పెళ్ళి 1958లో, మాఘమాసం. దండల పెళ్ళి. భజంత్రీలు లేవు, హోమం లేదు. చౌదరిగారి వివాహ విధి ప్రకారం పంతులు తెలుగులో చదివాడు. మొదటి పెళ్ళిలో సంస్కృతంలో ఏమని ప్రమాణం చేశానో నాకీరోజుకీ తెలియదు. ఈసారి ప్రతి మాటా అర్థమైంది. అర్థమవుతుంటే భయమేసింది, అది వేరే సంగతి. ఊళ్ళో సగంమంది రాలేదు. మా వదిన కొత్త చీర పెట్టి, ఎవరూ చూడకుండా తన వెండి కుంకుమభరిణె నా సంచీలో పడేసింది.

గుంటూరులో చిన్న బండెక్కాం. నల్లమలలో సొరంగం వచ్చినప్పుడు రైలంతా చీకటైపోయింది, మీ పెద్ద మావయ్య కెవ్వుమన్నాడు. ఆ చీకట్లో ఎదుటి బల్ల మీద నుంచి ఆయన గొంతు వినిపించింది, "ఏం లేదురా, కొండ కిందుగా పోతున్నాం" అని. పిల్లవాడితో ఆయన మాట్లాడిన మొదటి మాట అది. గుంతకల్లు, బళ్ళారి, హోస్పేట. అక్కడి నుంచి బస్సు. మునిరాబాదు దగ్గర ఆనకట్ట కనపడింది. అంత రాయి ఒక్కచోట నేనెప్పుడూ చూడలేదు. దాని వెనక పంపాసాగరం, కంటికి ఆనినంత నీళ్ళు. మా కృష్ణ కాలవ పక్కన పుట్టిపెరిగినదాన్ని, నీళ్ళు చూసి ఆశ్చర్యపోతానని ఎవరైనా చెబితే నవ్వేదాన్ని.

గంగావతిలో దిగి, ఎడ్లబండి మీద ఇక్కడికి. క్యాంపంటే ఏముంది అప్పుడు, జొన్నచొప్ప దడులు, పైన బోద. పదకొండు పాకలు. మొదటి వానకే రేగడి మట్టి కాళ్ళకు పట్టుకుంటే అడుగు తీసి అడుగు వెయ్యలేం. తాగేది కాలవ నీళ్ళే, గుడ్డలో వడగట్టి కాచేదాన్ని. పొయ్యిలో కట్టె తీయబోతే తేలు. బియ్యం గంపలో తేలు. ఆయన చెప్పులో తేలు. డీడీటీ కొట్టేవాళ్ళు వచ్చి పాక పాకకీ మందు చల్లి తలుపు మీద సుద్దతో తేదీ రాసి వెళ్ళేవాళ్ళు.

నేను తెల్లారుజామున లేచి పది మందికి వండేదాన్ని. మొదట్లో పాలేర్లలో ఇద్దరు ఇక్కడి కన్నడంవాళ్ళు, నా అన్నం వాళ్ళకు ఆనేది కాదు. "రొట్టి ఇల్లవేనమ్మా" అనేవాళ్ళు. జొన్నరొట్టె చేస్తే నా చేతిలో పిండి విరిగి ముక్కలయ్యేది. పక్క ఊరి గౌడరసాని ఒకావిడ, మా పాకల దగ్గరికి పాలు పోయించుకోవటానికి వచ్చి చూసి, నవ్వి, పిండి లాక్కుని, వేణ్ణీళ్ళు పోసి కలిపి చూపించింది. మా భూమిలో కొంత ఆమె మరిది అమ్మినదే. నాకు ఇక్కడ దొరికిన మొదటి స్నేహితురాలు ఆవిడ. ఆవిడ తెలుగు నేర్చుకోలేదు, నాకు కన్నడం రాదు, అయినా సాయంత్రాలు గంటలకొద్దీ మాట్లాడుకునేవాళ్ళం. ఏం మాట్లాడుకున్నామో ఇద్దరిలో ఎవరికీ పూర్తిగా తెలియదు.

ఆడపిల్లలిద్దర్నీ ఆర్నెల్లకు తెచ్చుకున్నాం. చిన్నది రెండో రోజే నా కొంగు పట్టుకుంది. పెద్దది పట్టుకోలేదు. పిన్నీ అంది, ఇప్పటికీ పిన్నీ అనే అంటుంది. డెబ్బై అయిదేళ్ళ మనిషి, నెలకోసారి ఫోను చేసి "పిన్నీ, మాత్రలు వేసుకుంటున్నావా" అంటుంది. నేనూ ఎప్పుడూ అమ్మా అని పిలవమనలేదు. ఆ పిలుపు మా ఒప్పందంలో లేదు.

ఇదిగో, ఇక్కడ నీ పుస్తకంలో జ్వరం వస్తుందని చెప్పావే, ఆవిడకు జ్వరమొస్తే అతను మూడు రాత్రులు నిద్రపోకుండా నుదుటి మీద తడిగుడ్డ వేశాడని. నాకూ వచ్చింది. చలిజ్వరం, పళ్ళు కొట్టుకుపోయేటంత వణుకు. మీ తాతయ్య ఒక్క పూట కూడా నా మంచం దగ్గర కూర్చోలేదు. నాట్లు నడుస్తున్నాయి, కాలవ వంతు రాత్రిపూట వచ్చింది, నీళ్ళు వదిలేసుకుంటే మళ్ళీ వారం. పాలేరు పెళ్ళాన్ని నాకు తోడు పెట్టి, మాత్రలు తెప్పించి ఇచ్చి, పొలానికి పోయాడు. నాకు కోపం రాలేదు. నేనైనా అదే చేసేదాన్ని. ఆ నాట్లు మునిగితే మాత్రలకు డబ్బెక్కడిది? పుస్తకాలు రాసేవాళ్ళకు పొలం పని తెలియదే. తెలిస్తే మూడు రాత్రులు ఒక మగాణ్ణి మంచం పక్కన కూర్చోబెట్టరు.

మొదటి పంట వచ్చింది. నాలుగెకరాల మాట ఆయన ఎత్తలేదు. నేనెత్తా. స్టాంపులకు డబ్బు చాలదన్నాడు, నిజమే చాలదు. రెండో పంటకు మళ్ళీ ఎత్తా. అప్పుడు గంగావతి తీసికెళ్ళి రిజిస్ట్రీ చేయించాడు. దస్తావేజు కన్నడంలో. రాతగాడు గడగడా చదివేసి సంతకం పెట్టమన్నాడు. ఆగమన్నా. కన్నడ అక్షరాలు మన అక్షరాలకు దగ్గరేగా, ఒక్కొక్కటే కూడబలుక్కుని నా పేరు, సర్వే నంబరు, నాలుగు దిక్కుల హద్దులు చూసుకునేదాకా కలం ముట్టలేదు. వెనక నిలబడ్డవాళ్ళు విసుక్కున్నారు. మీ తాతయ్య మాత్రం ఒక బల్ల మీద కూర్చుని, చదవనివ్వండి అన్నాడు. అంతే అన్నాడు.

మాట తప్పలేదు, ఆలస్యం చేశాడు. మగవాళ్ళ లెక్కలో అది మంచి మార్కే.

అసలు గొడవ ఆ తర్వాతి ఏడు. పొట్ట మీద ఉన్న వరి, పిల్లకాలవకి గండి పడి, ఉన్నంతా ఒరిగిపోయింది. మిల్లు షావుకారు దగ్గర అప్పు. ఆయన ఎడ్లు అమ్ముతానన్నాడు. ఎడ్లు అమ్మితే దున్నేది దేంతో? నా నాలుగెకరాలు తాకట్టు పెట్టమన్నా. ససేమిరా అన్నాడు. "అది నీది. నా అప్పుకు అది పెట్టను. కాగితంలో రాసుకున్నాం" అన్నాడు.

నాకు ఒళ్ళు మండిపోయింది. ఎందుకో అప్పుడు తెలియలేదు. మూడేళ్ళు ఆయన పిల్లల తలలు దువ్వి, ఆయన పాలేర్లకు వండి, ఆయన మళ్ళల్లో కలుపు తీశాక, కష్టమొచ్చేసరికి నేను కాగితంలో మనిషినయ్యాను. ఆ రాత్రి అరుచుకున్నాం. పదకొండు పాకలకూ వినపడింది. చివరికి నేనన్నా, "నాదేనంటున్నారుగా. నాదైతే తాకట్టు పెట్టే హక్కు నాది. మీ అనుమతి ఎవరడిగారు?"

దానికి ఆయన దగ్గర జవాబు లేదు.

పొద్దున్నే బండి కట్టించుకుని నేనే మిల్లు దగ్గరికి వెళ్ళా. షావుకారు ఆడదానికి అప్పివ్వటానికి ఇష్టపడలేదు. దస్తావేజు చూపించా. మీ ఆయన్ని పంపమన్నాడు. భూమి మా ఆయనది కాదన్నా. మొత్తానికి డబ్బు తెచ్చి మీ తాతయ్య చేతిలో పెట్టి, ఇంకోటి కూడా చెప్పా. "రిజిస్ట్రీ అయిన రోజు నుంచీ నా నాలుగెకరాలు మీరే దున్నుకుంటున్నారు. నా కౌలేదీ?"

ఆయన నా మొహంలోకి చూశాడు. నవ్వటం మొదలుపెట్టాడు. ఆగడే! కూలబడి నవ్వాడు. ఆయన నవ్వటం నేను చూడటం అదే మొదలు. పై పన్ను ఒకటి సగం విరిగి ఉందని కూడా అప్పుడే తెలిసింది నాకు.

ఎకరానికి ఆరు బస్తాల లెక్కన కౌలు ఒప్పుకున్నాడు. సంక్రాంతికి చెల్లు. ఆ ఏటి నుంచి ప్రతి భోగి నాడూ డబ్బు పళ్ళెంలో పెట్టి, పాలేర్ల ముందు, పిల్లల ముందు ఇచ్చేవాడు. నేను లెక్కపెట్టుకునేదాన్ని. ఒకసారి పది రూపాయలు తక్కువొచ్చాయి, కావాలని పెట్టాడో మరచిపోయాడో, నేను పళ్ళెం అట్లాగే వెనక్కి ఇచ్చా. చుట్టాలు ముక్కున వేలేసుకునేవాళ్ళు. మొగుడూ పెళ్ళాల మధ్య కౌలేంటని మా అత్తగారు చచ్చేదాకా అంటూనే ఉంది. ఆ డబ్బుతోనే మీ పెద్ద మావయ్య బళ్ళారిలో హాస్టల్లో ఉండి చదివాడు. ఆ డబ్బుతోనే రెండు గేదెలు కొన్నా.

మంచాల సంగతా? అడిగితే చెబుతాననుకున్నావా. మీ అమ్మ 1966లో పుట్టింది, లెక్క వేసుకో.

అందరివీ ఇట్లా జరగలేదు, అది కూడా చెప్పాలి. మాతోపాటు అట్లాంటి పెళ్ళి మీదే వచ్చిన ఒకమ్మాయి, నాకంటే చిన్నది, వచ్చిన ఏడాదికి గానీ తెలియలేదు, ఆ మనిషికి ఊళ్ళో మొదటి భార్య బతికే ఉందని. ఒక భార్య ఉండగా రెండో పెళ్ళి చెల్లదని చట్టం అప్పటికే ఉంది, మద్రాసు రాష్ట్రంలో అయితే 1949 నుంచే ఉంది. చట్టం ఉంది గానీ ఈ నల్లరేగట్లో దాన్ని అమలుచేసేవాళ్ళు ఎవరు? ఈ బీడుకి వస్తే ఊళ్ళో సంగతులు ఊళ్ళోనే వదిలేసి రావచ్చని కొంతమంది మగవాళ్ళు అనుకున్నారు. ఆ అమ్మాయి దగ్గర కాగితం లేదు, ఎకరం లేదు. నా గేదె పాల డబ్బు కొంత, గౌడరసాని ఇచ్చింది కొంత పట్టుకుని ఒక పొద్దున బస్సెక్కింది. గంగావతి బస్టాండు దగ్గర భోజనం హోటలు పెట్టింది. ఆంధ్రా భోజనమని బోర్డు. తర్వాత బాగా నడిచిందది. ఆ మనిషి ఒకసారి అక్కడికి తినటానికెళితే డబ్బులు ముందే తీసుకుని వడ్డించిందట.

మరొకావిడ వచ్చిన నెలకే రేగడినీ తేళ్ళనీ చూసి ఏడుస్తూ వెళ్ళిపోయింది. ఆమెను తప్పు పట్టను. మా క్యాంపులో అందరూ వెక్కిరించారు, నేను వెక్కిరించలేదు. ఆయన పెట్టిన షరతు లేకపోతే నేనూ వెళ్ళేదాన్నే.

ఇంకో సంగతి మన గొప్పల్లో ఎవరూ చెప్పరు. ఈ కాలవ కింద ఎక్కువ భూమికి ఆరుతడి పంటలే వెయ్యాలని సర్కారు నిర్ణయించింది. జొన్న, పత్తి, వేరుశనగ. మనవాళ్ళకు వరి తప్ప ఏం తెలుసు? ఎక్కడ చూసినా వరే వేశాం. ఎగువన మనం తాగేస్తుంటే దిగువన మాన్వి వైపు, రాయచూరు వైపు కాలవ ఎండేది. వాళ్ళు వచ్చి దెబ్బలాడేవాళ్ళు. మీ తాతయ్య కూడా వరే వేశాడు, నా నాలుగెకరాల్లో కూడా. నేను వద్దనలేదు, కౌలు బస్తాల్లో కదా. ఇప్పుడు గంగావతి సోనా మసూరి అని దేశమంతా తింటున్నారు. కొన్ని మళ్ళు చౌడుబారి ఉప్పు తేలాయి, వాటిని ఎవరూ ఫొటోలు తియ్యరు. జలాశయమూ పూడిపోయింది. కట్టినప్పుడు 133 టీఎంసీలు పట్టేది, ఇప్పుడు 105 పైచిలుకు. 2024 ఆగస్టులో పందొమ్మిదో గేటు కొట్టుకుపోయిన రాత్రి మీ చిన్న మావయ్య ఇంట్లో ఎవరూ నిద్రపోలేదు.

నీ పుస్తకంలో ఆ రైతు ఆవిడకి ప్రేమిస్తున్నానని ఎప్పుడు చెప్పాడన్నావు? చివరి పేజీలోనా. పోనీలే. మీ తాతయ్య అట్లాంటి మాట ఏదీ అనలేదు. నేనూ అనలేదు. మాకు ఆ అలవాటు లేదు, నాకది లోటుగా కూడా అనిపించలేదు. కానీ ఒకటి చెబుతా. ఆయన పోయిన ఏడు, 1999, ఆస్పత్రిలో ఉన్నాడు, భోగి వచ్చింది. చిన్న మావయ్యను పిలిచి, మీ అమ్మ కౌలు తీసికెళ్ళి ఇచ్చిరారా, నేను వచ్చేసరికి ఆలస్యమవుతుందేమో అన్నాడట. వీడు వెంటనే ఇవ్వకుండా, ఆస్పత్రి ఖర్చులున్నాయి కదా అని తన దగ్గరే ఉంచుకున్నాడు. వారం తర్వాత నేనడిగా. అప్పుడు ఇచ్చాడు.

అప్పట్నుంచీ కౌలు కట్టేది మీ చిన్న మావయ్యే. ఆరు బస్తాలు కాదు ఇప్పుడు, రేటు పెంచా. ఈ భోగికి మాత్రం ఇంకా పైసా రాలేదు. గేట్లంటాడు, నీళ్ళ సంగతి తేలలేదంటాడు, ఎరువుల రేట్లంటాడు. వాళ్ళ నాన్న పంట ఒరిగిన ఏడు కూడా కట్టాడు. ఇందాకటి నుంచీ కిటికీ దగ్గర నిలబడి వింటున్నాడు చూడు, వినపడనట్టు. వెళ్ళి పిలుచుకురా. నా కళ్ళజోడు కూడా తీసుకురా, నోట్లు లెక్కపెట్టుకోవాలి.